కావలి కుక్కకు ఇంటి తాయిలము

కనిగిరి ప్రాంతపు మెట్టరైతుకు కుక్క అలంకారము కాదు. రాత్రివేళ గొర్రెల దొడ్డి దగ్గరకు తోడేలో నక్కో వచ్చిన సంగతి ముందుగా తెలుపునది అదే. మిరప కల్లములో కాయ ఎండుచున్న దినములలో కాపలా మనిషి కునుకు తీసినను తాను మేలుకొని ఉండునది అదే. కంది చేనిలో అడవిపంది దిగినప్పుడు మొరిగి లేపునదియు అదే. ఇంత పని చేయు ప్రాణికి మనము ఇచ్చు కూలి ఏమి? మిగిలిన చద్ది, కాస్త గంజి, పండుగనాడు గొర్రెను కోసినప్పుడు విసరివేయు పచ్చి పేగులు, ఊపిరితిత్తులు, తలకాయ. ఈ కడపటి దానిని గూర్చియే ఈ వ్యాసము. కుక్కను మెచ్చి వేయు ఆ పచ్చి ముక్కయే తిరిగి మన మందకును, మన పిల్లలకును రోగము తెచ్చుచున్నది. దానికి బదులుగా ఇంటిలోని జొన్నపిండితో, సజ్జ సంగటితో చేసి పెట్టదగిన తాయిలములను ఇక్కడ వివరించుచున్నాము.

పచ్చి మాంసముతో వచ్చు చేటు

1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు కనిగిరి నెల్లూరు జిల్లాలోనిదే. పొడుగు కాళ్ళ నెల్లూరు గొర్రెకు ఈ ఎర్రనేలలు, వెలికొండల క్రింది బీళ్ళు పుట్టినిల్లు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు ఒక కోటి 76 లక్షలు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ తరువాత మనదే రెండవ స్థానము. ఇంత సంపద వెంట తిరుగు కుక్క ఏమి తినుచున్నదో చూచుకొనుట మన పనియే.

గొర్రెను కోసినప్పుడు కాలేయము మీద, ఊపిరితిత్తుల మీద నీటి బుడగలవంటి తిత్తులు కనబడుట మీలో చాలమంది చూచియే ఉందురు. ఆ తిత్తిలోని నీటిలో కంటికి ఆనని పురుగుతలలు వేలకొలది ఉండవచ్చును. కుక్క దానిని పచ్చిగా తిన్నచో అవి దాని పేగులలో చిన్న బద్దెపురుగులుగా పెరుగును. ఒక్కొక్క పురుగు వడ్లగింజంత కూడ ఉండదు. కుక్క చిక్కిపోదు, బాధపడదు, కనుక యజమానికి అనుమానము రాదు. సుమారు ఆరేడు వారములకు కుక్క మలములో ఆ పురుగు గుడ్లు పడుట మొదలగును. ఆ గుడ్లు అంటిన గడ్డి మేసిన గొర్రెలో మరల తిత్తులు పుట్టును. కుక్కను నిమిరి చేయి కడుగకుండ అన్నము తిన్న మనిషిలోను అట్లే పుట్టును. మనిషి దేహములో ఈ తిత్తి చాల మెల్లగా, ఏండ్ల తరబడి పెరుగును. బయటపడునాటికి శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. వైద్యులు దీనిని హైడాటిడ్ తిత్తి అందురు.

తలకాయ సంగతి వేరు. మంద నుండి విడివడి, తల ఒక ప్రక్కకు వాల్చి, ఒకే వైపునకు గుండ్రముగా తిరిగి తిరిగి చచ్చు గొర్రెను కాపరులందరు ఎరుగుదురు. మెదడులో తిత్తి పెరుగుటచే అట్లగును. ఆ తిత్తియు కుక్క పేగులోని మరొక జాతి బద్దెపురుగు సంతానమే. గాలి సోకినదని తాయెత్తు కట్టిన లాభము లేదు. చచ్చిన ఆ గొర్రె తలను పగులగొట్టి కుక్కకు వేసినచో, రాబోవు ఈతలో పుట్టు పిల్లలకు రోగమును మన చేతులతో మనమే విత్తినట్లగును.

దూరదేశపు సంగతి ఒకటి చెప్పవలసియున్నది. ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఐస్‌లాండ్ ద్వీపము కూడ గొర్రెల సీమయే. పందొమ్మిదవ శతాబ్దమున అక్కడ ఈ తిత్తి రోగము ప్రజలలో మిక్కుటముగా ఉండెను. 1863లో హరాల్డ్ క్రాబె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అక్కడికి పోయి కుక్కలను పరీక్షించి, వాటి పేగులలోని పురుగులను లెక్కించెను. తరువాత ఆయన వ్రాసిన చిన్న పుస్తకమును ఇంటింటికి ఉచితముగా పంచిరి. పచ్చి అవయవములు కుక్కకు వేయవద్దు, కాల్చివేయుడు లేదా లోతుగా పాతిపెట్టుడు అనుటయే అందలి ముఖ్య విషయము. అక్కడి రైతులలో చదువు వచ్చినవారు ఎక్కువగుట ఇందుకు బాగుగా తోడ్పడెను. దరిమిలా చట్టములును వచ్చినవి. కాలక్రమమున రోగము ఆ దేశము నుండి తొలగిపోయెను. న్యూజిలాండు కూడ ఇదే దారిని నడచి, 2002లో తమ దేశము ఈ రోగము నుండి బయటపడినదని ప్రకటించుకొన్నది. మందు ఒక్కదానితో అగు పని కాదు ఇది. కుక్క నోటికి పోవు వస్తువును మార్చవలెను.

జొన్న బిళ్ళలు

జొన్నపిండి 200 గ్రాములు, వేయించి పొట్టు తీసి దంచిన వేరుశనగ పప్పు 50 గ్రాములు, కోడిగుడ్డు ఒకటి. ఇంతే. ఉప్పు, కారము, బెల్లము ఏవియు వద్దు. వేయించిన వేరుశనగ వాసనయే కుక్కను పిలుచుకొని వచ్చును.

పిండిలో కాగిన నీరు కొద్ది కొద్దిగా పోయుచు గరిటెతో కలుపవలెను. జొన్నకు గోధుమవలె సాగు గుణము లేదు. చన్నీళ్ళతో కలిపినచో బిళ్ళ పొడిపొడి అగును. జొన్నరొట్టె చేయు ఇల్లాలికి ఈ మాట చెప్పనక్కరలేదు. చేయి పట్టునంతగా చల్లారిన పిమ్మట గుడ్డు, వేరుశనగ పొడి చేర్చి గట్టిగా పిసుకవలెను. పీట మీద పొడిపిండి చల్లి, చిటికెనవ్రేలిలో సగము మందమున తట్టి, రూపాయి బిళ్ళంత ముక్కలుగా కోయవలెను. సుమారు నూరు బిళ్ళలు వచ్చును. నూనె వేయకుండ పెనము మీద పరచి, సన్నని సెగను మూతపెట్టి రెండు ప్రక్కల కాల్చవలెను. మంట పెద్దదైనచో పైన మాడి లోపల పచ్చిగా నిలుచును, అట్టివి త్వరలోనే బూజు పట్టును. కాల్చిన వాటిని చేటలో పోసి, పలుచని గుడ్డ కప్పి రెండు రోజులు ఎండనివ్వవలెను. మన సీమలో వానకు కరవు గాని ఎండకు కరవు లేదు. పటుక్కున విరిగినచో సిద్ధమైనట్లు. బాగుగా చల్లారిన తరువాతనే మూత బిగువుగల డబ్బాలో పోయవలెను, వెచ్చగా పోసినచో లోపల చెమ్మ పట్టును. వారము పది దినములకు చాలునంత చేసికొనుట మంచిది.

ఒక్క బిళ్ళకు బూజు కనబడినను డబ్బా అంతయు పారవేయవలెను. కోళ్ళకు కూడ వేయరాదు. ఇది చాదస్తము కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కాలేయము చెడి మరణించిరి. ఆ ఇండ్లలో అదే తిండి తిన్న కుక్కలు కూడ అదే రోగమున చచ్చినవి. బూజులో పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము ఇందుకు కారణము. ఉడికించినను, కాల్చినను అది పోదు. మనకు పనికిరాని నల్లబడిన వేరుశనగ పప్పు కుక్కకేమి చేయునులే అనుకొనువారు ఉన్నారు. నిజమునకు ఈ విషమునకు త్వరగా లొంగు ప్రాణులలో కుక్క ఒకటి. తాయిలమునకు మీరు తినదగిన గింజనే వాడుడు.

ఎన్ని పెట్టవలెననగా, దినమంతటి తిండిలో పదవ వంతుకు మించరాదు. పదిహేను కిలోల నాటుకుక్కకు పై కొలతతో చేసిన బిళ్ళలు రోజునకు ఎనిమిది చాలును. ఒక బిళ్ళను రెండుగా విరిచి ఇచ్చినచో పదహారుసార్లు మెచ్చుకొనవచ్చును. కుక్క చూచునది ముక్క పరిమాణమును కాదు, వేళను. పిలిచిన వెంటనే వచ్చినప్పుడు ఆ క్షణముననే ఇయ్యవలెను. ఇంటికి పోయి డబ్బా తెచ్చి ఇచ్చినచో అది దేనికి ఇచ్చితిరో దానికి తెలియదు. కాపరి ధోవతి మడతలో నాలుగు బిళ్ళలు ఉంచుకొనుట అందుకే.

టీ కొట్టు వద్ద బిస్కట్టు కొని వేయు అలవాటు పెరిగినది. అందులో పంచదారయే అధికము. మరియొక చిత్రము: కుక్కల బిస్కట్టు వ్యాపారమునకు ఆద్యుడనబడు జేమ్స్ స్ప్రాట్ అను అమెరికా వాసి, 1860 ప్రాంతమున ఇంగ్లండు రేవులో ఓడవారు పారవేసిన గట్టి రొట్టెముక్కలను వీధికుక్కలు ఆశగా తినుట చూచి ఆ పని మొదలుపెట్టెనందురు. మన చద్దిరొట్టె ఎండుముక్కకును దానికిని తేడా కొద్దియే.

సంగటి, చేప, ఉడికిన కాలేయము

సజ్జ సంగటి లేక రాగి సంగటి ఉప్పు వేయకముందే ఒక ముద్ద తీసి ఉంచి, నిమ్మకాయంత ఉండలు చేయవచ్చును. నిలువ ఉండవు, ఆ పూటకే. కొత్తపట్నము తీరము నుండి సంతకు వచ్చు ఎండు మెత్తళ్ళు ఇసుక పోవునట్లు మూడు నీళ్ళు కడిగి, వేయించి, నలిపి ఈ ముద్దలో కలిపినచో ముసలి కుక్క కూడ లేచి వచ్చును. ఉప్పు పట్టించిన ఎండుచేప అయినచో రాత్రి నానబెట్టి ఆ నీరు పారబోసిన గాని వాడరాదు. చిలగడదుంపలు ఉడికించి, బిళ్ళలుగా కోసి ఎండబెట్టినవి పిల్లకుక్కలకు పండ్లు వచ్చు దశలో కొరుకుటకు బాగుండును.

గొర్రెను కోసిననాడు కుక్కకు ఏమియు పెట్టకుండుట ఎట్లు అందురు. న్యాయమే. కాలేయములో తిత్తి లేని భాగమును చిన్న ముక్కలుగా కోసి, నీరు తెర్లుచుండగా ముప్పావుగంట తక్కువ కాకుండ ఉడికించి, చల్లార్చి పెట్టుడు. తిత్తులున్న దానిని ఉడికించియు పెట్టవద్దు, పాతిపెట్టుడు. వండిన ఎముకలు, అందునను కోడి ఎముకలు, సూదులుగా చీలి గొంతులోను పేగులోను గుచ్చుకొనును.

కలుపకూడనివి

మన పులుసన్నములో ఉండు ఉల్లి, వెల్లుల్లి కుక్కకు సరిపడవు. అవి దాని రక్తములోని ఎర్ర కణములను చెరచును. శరీరపు బరువులో కిలోకు పదిహేను గ్రాముల ఉల్లిపాయ కూడ హాని చేయవచ్చును, అనగా పది కిలోల కుక్కకు రెండు నడితరపు గడ్డలు. ఉడికినంత మాత్రమున దోషము పోదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్‌లెట్, టీపొడి కూడ పనికిరావు.

వీటికన్న రైతు ఇంట ఎక్కువ భయపడవలసినవి మూడు గలవు. మందు పట్టించిన విత్తనపు జొన్న, సజ్జ మిగిలినదని పిండి పట్టించరాదు. ఆముదపు చెక్క ఎరువుగా చల్లిన చేనిలో కుక్కలు ఆ చెక్కను వెదకి తిని చచ్చుట కలదు, దాని బస్తా మూతి కట్టి అటక మీద ఉంచవలెను. ఎలుకలకు జింకు ఫాస్ఫైడు ఎర కలిపిన గిన్నెలో, గరిటెతో తాయిలము కలుపరాదు. ఎరలోను నూకలు, నూనెయే ఉండును గనుక, తాయిలమునకు అలవాటుపడిన కుక్క దానిని కూడ తనకే అనుకొనును. ఎర పెట్టిన రాత్రి కుక్కను కట్టివేయుడు.

మందు దాచి పెట్టుట

బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ బిళ్ళ మంచి మందు. పది కిలోల బరువునకు ఒకటి చొప్పున ఇయ్యదగినవి అంగళ్ళలో దొరకును. అయినను కుక్క బరువు చెప్పి పశువైద్యుని అడిగియే వాడవలెను. బిళ్ళను విరిచినచో చేదు, కుక్క ఉమియును. కనుక సంగటి ఉండలు మూడు చేసి, మొదటిది ఖాళీగా ఇచ్చి, రెండవదానిలో బిళ్ళ దాచి ఇచ్చి, అది మ్రింగకముందే మూడవదానిని చూపవలెను. మూడవదాని ఆశతో రెండవది నమలకుండ మ్రింగును. మందు వేసిన తరువాత రెండు రోజులు కుక్కను కట్టి ఉంచి, దాని మలమును పోగుచేసి కాల్చివేయవలెను. బీడులోనికి వదలినచో మందు ఖర్చు వృథా.

పిచ్చికుక్క రోగపు టీకా వేయు దినమున కూడ ఈ బిళ్ళలు పనికివచ్చును. పిలిచిన వచ్చు కుక్కకు టీకా వేయుట తేలిక. తరిమి పట్టవలసిన కుక్క వేయువానిని కరచును.

పంచాయతీ కార్యదర్శులకు, గ్రామాధికారులకు ఒక మనవి. పండుగలకు, జాతరలకు ఊరిలో జీవాలను కోయుచోట ఒక గుంట ముందుగా త్రవ్వించుడు. లోతు అయిదడుగులకు తగ్గరాదు. వ్యర్థములు వేసి సున్నము చల్లి మట్టి కప్పి, పైన రాళ్ళు, కంపమండలు పరచవలెను, లేనిచో ఆ రాత్రికే కుక్కలు తవ్వును. మందలో చచ్చిన గొర్రెను వాగు గట్టున పారవేయు ఆచారమును కూడ మాన్పింపవలెను.

కుక్కకు పురుగుల మందును మూడు నెలలకొకసారి ఇయ్యవలెను. మంద వెంట తిరిగి కంటపడిన కళేబరములు తిను కుక్కకు ఆరు వారములకొకసారి అవసరము కావచ్చును. మందు వేసిన తేదీని మరచిపోకుండ దొడ్డి గోడ మీద బొగ్గుతో వ్రాసి ఉంచుకొనుడు.