పితికి చూడనిదే పియానో కొనొద్దు

మా బావది బంటుమిల్లి. వరి కొంత, రొయ్యల చెరువు కొంత. గేదెను కొనాలంటే ఎవరి మాటా నమ్మడు. సాయంత్రం ఆ పాక దగ్గరికి వెళ్ళి ఒక పూట పాలు తన ఎదుటే పిండించి చూస్తాడు. మర్నాడు తెల్లారకముందే వెళ్ళి ఇంకో పూట చూస్తాడు. పొదుగు నిండుగా కనపడాలని ముందు పూట పాలు పిండకుండా వదిలేసే అమ్మకందార్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. చెరువులోకి ఏరియేటర్ కొన్నా అంతే. రంగు, కంపెనీ తర్వాత. రాత్రి రెండింటికి ఆగిపోతే వచ్చే మెకానిక్ ఎవరు, ఎంతసేపట్లో వస్తాడు, అదీ మొదటి ప్రశ్న.

అలాంటి మనిషి ఒకరోజు నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, అమ్మాయికి పియానో కొందామనుకుంటున్నా. హైదరాబాదులో పాతది ఒకటి బేరానికొచ్చింది. అరవై వేలట. దాళ్వా డబ్బులు నలభై ఉన్నాయి. ఓ ఇరవై సర్దుతావా?"

"వాయించి చూశావా బావా?"

"నాకేం వచ్చురా వాయించడం?"

"పోనీ, వచ్చినవాళ్ళెవర్నయినా తీసుకెళ్ళావా?"

"ఫొటో పంపారు. నల్లగా నిగనిగలాడుతోంది."

"నిగనిగలాడే గేదెను ఫొటో చూసి కొంటావా?"

అవతల కాసేపు మాట లేదు.

చాలామందిమి ఇక్కడే దొరికిపోతాం. ఎరువుల కొట్లో, పశువుల సంతలో, పొలం కౌలు దగ్గర పైసా పైసాకీ లెక్క చూసేవాళ్ళం, కాస్త గొప్పింటి వస్తువు ఎదురుపడేసరికి ఆ తెలివంతా చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేస్తాం. కాలేజీ సీటైనా, లాప్‌టాప్ అయినా, పియానో అయినా అదే వరస. "మనకేం తెలుసులే" అనుకోవడం వినయంలాగే కనపడుతుంది. అది వినయం కాదు, బెరుకు. అమ్మేవాడు బతికేది ఆ బెరుకు మీదే. మీకు పియానో తెలియకపోవచ్చు, కొనడం తెలుసు. ఆ తెలిసినదాన్నే వాడండి.

ముందుగా ఆ అరవై వేల పియానో సంగతి చూద్దాం. అసలు పియానో అంటే చెక్కపెట్టెలో దాచిన ఇనుప చట్రం. దానికి సుమారు 230 ఉక్కు తీగెలు బిగించి ఉంటాయి. అన్నీ కలిపి లాగే బిగువు పదిహేను, ఇరవై టన్నుల దాకా ఉంటుంది. మెట్లు 88, అందులో తెల్లవి 52, నల్లవి 36. ఒక్కో మెట్టు నొక్కితే లోపల ఉన్నిగుడ్డ చుట్టిన చిన్న సుత్తి ఎగిరి తీగెను కొడుతుంది. గోడకు ఆనించి పెట్టుకునే రకం కూడా రెండు క్వింటాళ్ళ పైనే తూగుతుంది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో శ్రుతి చేయించాలి. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, శ్రుతి కదిలిపోతుంది.

ఇప్పుడు దాన్ని బంటుమిల్లి తీసుకురండి. బందరు వైపు నుంచి ఉప్పుగాలి, చుట్టూ చెరువులు, కాలువలు. కిటికీ ఊచలకు ఎన్నేళ్ళకోసారి రంగు వేయించాల్సి వస్తోందో మీకే తెలుసు. ఆ గాలిలో 230 ఉక్కు తీగెలు! ఉన్నిగుడ్డ చిమ్మటలకు విందు, లోపలి ఖాళీ ఎలుకలకు పురిటిగది. తీగె తెగితే మన బస్సు దూరంలో దాన్ని బాగుచేసే మనిషి ఎక్కడున్నాడు? శ్రుతి చేసే ఆయన హైదరాబాదు నుంచో చెన్నై నుంచో రావాలి. ఛార్జీలు, భోజనం, బస మనవే. అరవై వేలు దాని ధర కాదు, మొదటి వాయిదా మాత్రమే. ఏరియేటర్‌కి అడిగే ప్రశ్న ఒక్కటి ఇక్కడా అడిగి ఉంటే బావ ఆ ఫోన్ నాకు చేసేవాడే కాదు.

అయినా ఆయన మనసులో ఉన్నది వాయిద్యమేనా అని నాకో అనుమానం. పాత తెలుగు సినిమాల్లో హీరో కోటు తొడుక్కుని పియానో ముందు కూర్చోకపోతే బంగళాకి అందం వచ్చేది కాదు. ఆ కోటు హీరోల్లో పెద్దాయన అక్కినేని గుడివాడ దగ్గర రామాపురం నుంచి వచ్చినవాడే. కుర్రవాడిగా నాటకాల్లో ఆడవేషాలు కట్టి పైకొచ్చాడు. మన పద్యనాటకానికి ఊపిరి పోసింది పియానో కాదు, హార్మోనియం. కాబట్టి మిమ్మల్ని మీరు అడగవలసింది ఇది. కొంటున్నది పిల్ల చేతికా, హాలుకా? హాలుకే అయితే తప్పేమీ లేదు. అప్పుడు మంచి సోఫా కొనండి, దానికి శ్రుతి చేయించక్కర్లేదు.

హార్మోనియం మాటొచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. పారిస్‌లో డెబెయిన్ అనే ఆయన 1842లో పేటెంటు తీసుకున్న పెట్టె అది. కాళ్ళతో తొక్కుతూ కుర్చీలో కూర్చుని వాయించేవాళ్ళు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని చేత్తో తిత్తి కొట్టే పెట్టెగా మార్చాడు. గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గడప తొక్కనివ్వలేదు. మన భజన మందిరాలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. మీ పిల్లకు పాట మీద మనసుంటే, శ్రుతి పట్టుకుని పాడటం నేర్పాలనుకుంటే, హార్మోనియం ఇప్పటికీ మంచి బేరం. కరెంటు అక్కర్లేదు, బాగుచేసేవాళ్ళు దొరుకుతారు, భజనకు పనికొస్తుంది. ఒక్కటే ఇబ్బంది. ఎడమచెయ్యి తిత్తికి అంకితం కాబట్టి వాయించేది ఒంటిచేత్తోనే. రెండు చేతులతో వాయించే పియానో పద్ధతి దానిమీద రాదు. ముందు ఏది కావాలో పిల్లనే అడగండి. మా బావ అడగలేదు. నేను అడిగితే, "క్రిస్మస్‌కి చర్చిలో అన్నయ్య వాయిస్తాడే, అలా," అంది.

అంటే కీబోర్డు! ఇంట్లో అందరూ పియానో అంటున్నారు, పిల్ల మనసులో ఉన్నది కీబోర్డు. సలహా చెప్పగల మనిషి కూడా ఆ మాటలోనే ఉన్నాడు. మన ఊళ్ళలో కీబోర్డుల గురించి అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు చర్చిలో వాయించే కుర్రాళ్ళు. ఏ పెట్టె ఎండకీ చెమ్మకీ ఎన్నాళ్ళు తట్టుకుంటుందో, ఏది రెండో ఏడాది మూలుగుతుందో కేటలాగులో ఉండదు, వాళ్ళ వేళ్ళకు తెలుసు. వెళ్ళి అడగడానికి నామోషీ ఎందుకు? డిసెంబరులో మాత్రం వెళ్ళకండి, వాళ్ళకు ఊపిరాడదు.

ఇక డబ్బు. నలభై ఉంటే నలభైకీ వస్తువు కొనెయ్యడం మన అలవాటు. నా లెక్క వేరు. పెట్టెకు సగం దాటనివ్వకండి. ఈమధ్య యమహా, కాసియో వంటి కంపెనీల 61 మెట్ల కీబోర్డు, వేలి ఒత్తిడి తెలిసే రకం, పదిహేను ఇరవై వేల మధ్య వస్తోంది. స్టాండు, బల్ల, పెడల్ కలిపి ఇంకో మూడు నాలుగు వేలు. మిగిలినది విడిగా తీసి పాఠాలకు, రాకపోకలకు దాచండి. పెట్టె కొన్న రోజు అందరికీ గుర్తుంటుంది. ఆరో నెల ఫీజు ఎవరికీ గుర్తుండదు, చదువు ఆగేది అక్కడే.

దీనికో పాత కథ చెబుతాను. చౌటపల్లి గుడివాడ పక్కనే ఉంది. అక్కడ 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, సంగీతం నేర్చుకోవాలని ఇంట్లో చెప్పకుండా నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు తెగనమ్మి విజయనగరం వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. బేరం సంగతి చూస్తే మా బావ తలపట్టుకుంటాడు. కానీ ఆ ఎనిమిది రూపాయలూ ఎటు పోయాయో చూడండి. వాయిద్యానికి కాదు, గురువు ఉన్న ఊరికి. అక్కడ మధుకరం ఎత్తి, నాలుగిళ్ళ అన్నం తిని చదువుకున్నాడు. మన పిల్లలను అలా పంపమని కాదు నేననేది. చేతిలో కాస్తే ఉన్నప్పుడు ఆ కాస్తా నేర్పే మనిషి వైపు వెళ్ళాలి.

ఇక కొనే రోజు సంగతి. దుకాణంలో అడుగుపెట్టగానే అక్కడి కుర్రాడు డెమో బటన్ నొక్కుతాడు. పెట్టె దానంతట అదే తబలా, గిటారు, వయొలిన్ అన్నీ కలిపి మోగించేస్తుంది. మీరు నోరు తెరుస్తారు. పాలు పిండకుండా ఉబ్బించిన పొదుగు అదే. ఆపమనండి. ఆరొందల వాయిద్యాల గొంతులున్నాయంటాడు. నేర్చుకునే పిల్ల మొదటి ఏడాది వాడేది ఒకటో రెండో.

మీరే ఒక మెట్టును వేలితో మెల్లగా నొక్కండి, మళ్ళీ గట్టిగా నొక్కండి. చప్పుడు రెండుసార్లూ ఒకేలా ఉంటే ఆ పెట్టె వద్దు. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి అనే ఆయన చేసిన పియానోకి పేరొచ్చిందే 'మెల్లగా, గట్టిగా' అన్న అర్థంతో. ఆ తేడా లేకపోతే పిల్ల వేళ్ళకు మాట రాదు. తర్వాత మెట్ల వెడల్పు. అసలు పియానోలో ఒక 'స' నుంచి పై 'స' దాకా సుమారు పదహారున్నర సెంటీమీటర్లు. జేబులో టేపు పెట్టుకెళ్ళి కొలవండి, ఎవరైనా నవ్వితే నవ్వనీయండి. ఇరుకు మెట్ల బొమ్మ కీబోర్డు మీద అలవాటైన చెయ్యి పెద్దదాని మీద తడబడుతుంది. పెడల్ తొక్కిపట్టి ఎడాపెడా పది పన్నెండు స్వరాలు వాయించమనండి. ముందువి టక్కున తెగిపోతుంటే ఆ పెట్టెకు ఒకేసారి ఎక్కువ స్వరాలు పలికే శక్తి లేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకునే చోటుందా చూడండి. రాత్రంతా చెరువు కాపలా కాసి పగలు నిద్రపోయే తండ్రి ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. కరెంటు పోతే బ్యాటరీల మీద నడుస్తుందా అని కూడా అడగండి. ఎందుకో చెప్పక్కర్లేదు, మనది తుఫాను తీరం.

సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే సిగ్గుపడకండి. ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒక్క మెట్టూ వదలకుండా ఒకే బలంతో నొక్కుకుంటూ పోవాలి. ఒకటి అరిచి, ఒకటి గొణిగితే మెట్ల కింది రబ్బరు పట్టీలు అరిగినట్టో, ఉప్పు పట్టినట్టో. ధర తగ్గించమనండి, లేదా లేచి రండి.

మరి 88 మెట్ల డిజిటల్ పియానో? సుత్తి బరువును అనుకరించే మెట్లు, ఎడమవైపు బరువుగా, కుడివైపుకి పోయేకొద్దీ తేలికగా. నలభై వేల చుట్టుపక్కల మొదలవుతుంది. తీగెలు లేవు, తుప్పు లేదు, శ్రుతి చేయించే పని లేదు. మంచి వస్తువే. అయితే పిల్ల ఏడాదిపాటు రోజూ కూర్చున్నాక కొనండి. పరీక్షలు రాయించాలన్న తొందరుంటే, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు పియానోకి వేరే, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరే గ్రేడు పరీక్షలు పెడతారు. పిల్లను ఏ దారిలో పెడుతున్నారో టీచరుతో ముందే తేల్చుకోండి. కర్ణాటక సంగీతమే నేర్పాలంటే దానికీ దారుంది. చెన్నైలో కె. సత్యనారాయణన్ కీబోర్డు మీదే కచేరీలు చేస్తాడు. కానీ అది ఏళ్ళ తరబడి సాధన చేసిన చెయ్యి. అది చూసి మనం కొనుగోలు నిర్ణయాలు చెయ్యకూడదు.

కొన్నాక పెట్టే చోటు ఇంకో పరీక్ష. అట్టపెట్టెలో పెట్టి, పైన దుప్పటి కప్పి, మంచం కిందికి తోస్తే ఆ సంగీతం అక్కడితో సరి. తీయడం, బిగించడం, వైరు పెట్టడం అని అయిదు నిమిషాల పనుంటే పదిహేను నిమిషాల సాధన జరగదు. స్టాండు మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, కూర్చోగానే మోగాలి. టీవీ పక్కన వద్దు, కిటికీ పక్కన అసలే వద్దు. పైన పాత నేత చీర ముక్క కప్పితే చాలు. వచ్చినవాళ్ళందరి ముందూ "ఏదీ, వాయించవే" అని పిల్లను కూర్చోబెట్టకండి. అలా వాయించమన్నందుకే వాయిద్యం మానేసిన పిల్లలను నేనెరుగుదును. అందులో ఒకణ్ణి నేనే.

చివరికి మా బావ విజయవాడ వెళ్ళాడు. వెంట అక్క, పిల్ల, చర్చి కుర్రాడు, నేను. దుకాణంలో డెమో మోగగానే బావ చెయ్యి పైకెత్తి, "బాబూ, అది ఆపి కాస్త పక్కకు జరుగు. మా అమ్మాయిని కూర్చోనీ," అన్నాడు. గేదెల పాక దగ్గరి గొంతు అది. చర్చి కుర్రాడు మూడు పెట్టెలు పక్కకు తోసి నాలుగోదాని దగ్గర ఆగాడు. పిల్ల కాసేపు టింగుటింగుమనిపించి లేచింది. బిల్లు పదిహేడు వేల చిల్లర. బావ మిగతా డబ్బును ఒకటికి రెండుసార్లు లెక్కబెట్టి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.

పెట్టె కట్టేలోపు అక్క వచ్చి బల్లమీద కూర్చుంది. పెళ్ళికి ముందు మా తాతగారి భజన పెట్టె మీద నేర్చుకుంది, ఇరవై ఏళ్ళయింది ముట్టుకుని. కుడిచేతి వేళ్ళు వాటంతటవే సరళీ స్వరాలు పట్టుకున్నాయి. ఎడమచెయ్యి మాత్రం కీబోర్డు వెనక్కి వెళ్ళి, లేని తిత్తిని కొడుతోంది.