మొహమాటం ముదిరితే కోపం

మధ్యాహ్నం ఫోన్ చేసి క్రెడిట్ కార్డు అంటగట్టబోయిన మనిషి మీద వచ్చిన కోపం సాయంత్రం పిల్లాడి హోంవర్కు మీద తేలుతుంది. "ఒక్కసారి చెప్తే అర్థం కాదా?" అని వాడి మీద అరుస్తాం. వాడు బిక్కచచ్చిపోయి చూస్తాడు. మధ్యాహ్నం ఫోన్‌లో గట్టిగా అనాల్సిన మాట అది. అక్కడ అనలేకపోయాం.

వ్యక్తిత్వ వికాసం అనగానే ఇంటర్వ్యూలు, వేదికలు, లక్ష్యాలు గుర్తొస్తాయి. ముక్కూ మొహం తెలియని మనిషి విసిగిస్తుంటే మన గొంతు ఎలా మారుతోందని ఎవరూ అడగరు. అక్కడ మనల్ని గమనించే పై అధికారి లేడు, మెచ్చుకునేవాళ్ళు లేరు. మర్యాదగా ఉన్నా, నోరు పారేసుకున్నా ఎవరికీ తెలియదు. అందుకే మన అలవాటు బయటపడే చోటు అదేనని నేను నమ్ముతాను.

అందరికీ తెలిసిన కాల్ ఒకటి చూద్దాం.

"నమస్తే సర్, మీ పేరు మీద అయిదు లక్షల లోన్ అప్రూవ్ అయ్యింది."

"అవసరం లేదండీ."

"ఎందుకు సర్?"

"ఇప్పటికే ఇంటి లోన్ కడుతున్నాను."

"అయితే ఇంకా మంచిది సర్! దాన్ని మేం టేకోవర్ చేసి టాప్‌అప్ ఇస్తాం. వడ్డీ ఎంత కడుతున్నారు?"

"ఎనిమిదిన్నర అనుకుంటా... ఇప్పుడు భోంచేస్తున్నానండీ."

"రెండే నిమిషాలు సర్. శాలరీ ఎంత వస్తుంది?"

"నా శాలరీతో నీకేం పని?"

'అవసరం లేదండీ' అన్న మనిషి 'నీకేం పని' దాకా ఎంత త్వరగా వచ్చేశాడో చూడండి. చివరి ప్రశ్న తలబిరుసుగా ఉంది కాబట్టే కోపం వచ్చిందని ఆయన అనుకుంటాడు. పట్టు తప్పింది అక్కడ కాదు, అంతకుముందు 'ఎందుకు సర్?' అన్నప్పుడు. లోన్ ఎందుకు వద్దో అవతలివాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకి లేదు. అయినా చెప్పాడు. అడిగినదానికి జవాబివ్వకపోతే బాగుండదని మొహమాటపడ్డాడు. కారణం చెప్పడమంటే అవతలివాళ్ళు ఎక్కడానికి మనమే మెట్టు వేసి ఇవ్వడం. లోన్ ఉందంటే టేకోవర్, డబ్బులు లేవంటే ఈఎంఐ, ఇంట్లో అడగాలంటే "మేడమ్‌గారి నంబరు ఇవ్వండి సర్". ఏ కారణానికి ఏ జవాబివ్వాలో ఆ కుర్రాడి ముందు స్క్రిప్టు ఉంటుంది. మన ముందు సగం తిన్న కంచం ఉంటుంది.

'రెండే నిమిషాలు' అనే మాట వెనక కూడా ఒక లెక్క ఉంది. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఇళ్ళకి వెళ్ళి, జాగ్రత్తగా బండి నడపమని చెప్పే పేద్ద బోర్డు మీ ముంగిట్లో పెట్టుకుంటారా అని అడిగించారు. చూడటానికి ఏమాత్రం బాగోలేని బోర్డు అది. నేరుగా అడిగితే నూటికి 17 మంది దాకా ఒప్పుకున్నారు. అదే విషయం మీద చిన్న స్టిక్కరు లాంటిది పెట్టుకోవడానికి అంతకుముందే ఒప్పుకున్నవాళ్ళలో నూటికి 76 మంది సరేనన్నారు. చిన్నదానికి తలూపిన మనిషి పెద్దదానికి అడ్డంగా తలూపడానికి ఇబ్బంది పడతాడు. రెండు నిమిషాలు ఇవ్వడం ఆ చిన్న తలూపు. ఆ తర్వాత ఆపాలంటే మన మాటని మనమే వెనక్కి తీసుకున్నట్టు అనిపిస్తుంది. ఆ ఇబ్బందిని దాటే ధైర్యం మామూలుగా రాదు కనక కోపం తెచ్చుకుని దాటుతాం.

ఈ కాల్స్ మీద మనకొచ్చే కోపంలో ముప్పాతిక భాగం మొదట్లోనే 'వద్దు' అనలేకపోయినందుకు మన మీద మనకొచ్చేదే. అవతలివాళ్ళు దురుసుగా మాట్లాడరని కాదు, మాట్లాడతారు. అంతదాకా కాల్‌ని సాగనిచ్చింది మాత్రం మన మొహమాటమే.

మొహమాటానికి మనం వాడే మాటలు కూడా మన మీదికే వస్తాయి. "చూద్దాంలెండి", "ఇప్పుడు బిజీ, తర్వాత చేయండి", "ఆలోచించి చెప్తా." వద్దని చెప్పడానికి ఇవి మర్యాదైన దారులని మన నమ్మకం. చుట్టాల దగ్గర నిజమే, వాళ్ళకి అర్థమవుతుంది. కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటూ కొంతకాలం టెలీకాలర్‌గా పనిచేసిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. ఒక్కో కాల్ అవగానే స్క్రీన్ మీద ఒక వరస కనిపించేదని చెప్పింది: ఇంట్రెస్టెడ్, కాల్ బ్యాక్, నాట్ ఇంట్రెస్టెడ్, రింగింగ్, రాంగ్ నంబర్. వాటిలో ఏదో ఒకటి నొక్కితేగానీ తర్వాతి నంబరు రాదు. 'చూద్దాం' అన్నవాళ్ళంతా కాల్ బ్యాక్‌లోకి పోతారు. ఎల్లుండి మళ్ళీ ఫోన్ మోగితే "ఎన్నిసార్లు చేస్తారండీ!" అని మండిపడతాం. రమ్మన్నది మనమే.

మరి ఎలా చెప్పాలి? "నాకు వద్దండీ. ఈ నంబరుకి మళ్ళీ చేయకండి. ఉంటాను." అని పెట్టేయాలి. గొంతు పెంచక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు, అవతల "సర్ ఒక్క నిమిషం" అనేదాకా ఆగక్కర్లేదు. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం అమర్యాద అని పెద్దవాళ్ళు నేర్పారు, సరిగ్గానే నేర్పారు. కానీ ఆ మర్యాద మన బాగోగులు అడగడానికి ఫోన్ చేసినవాళ్ళది. ఇక్కడ మనం చెప్పాల్సింది చెప్పేశాం. నిజానికి ముందే వద్దంటే అవతల ఫోన్ చేసిన అమ్మాయికీ మేలే, ఆమె సమయం మిగులుతుంది. పావుగంట మాట్లాడించి చివర్లో కసురుకోవడమే ఆమెకి చేసే అన్యాయం. మొదట్లో ఈ మూడు వాక్యాలు నోట్లోంచి రావు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకి అని చూడండి. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ, అవసరం పడ్డప్పుడు నోటికి అలవాటైన మాటే బయటికొస్తుంది.

అవతలి గొంతు గురించి కూడా కొంత తెలిసి ఉండాలి. ఫోన్ ఎత్తగానే రెండు క్షణాలు ఎవరూ మాట్లాడరు, మనమే హలో హలో అంటుంటాం. చాలాసార్లు అక్కడ నంబరు కలిపింది మనిషి కాదు, డయలర్ అనే సాఫ్ట్‌వేర్. అది ఒకేసారి చాలా నంబర్లు కలిపి, ఎవరు ఎత్తితే వాళ్ళని ఖాళీగా ఉన్న ఉద్యోగికి అంటిస్తుంది. ఆ ఉద్యోగికి మనం ఎవరో తెలియదు, అంతకు ముందు క్షణం దాకా మన నంబరు కూడా కనిపించదు. మనం వద్దనగానే అవతలివాళ్ళు మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేస్తే "ఎంత పొగరు!" అనుకుంటాం. అక్కడ ఒక్కో కాల్‌కి ఎంతసేపు పట్టిందో లెక్కకడతారు. అమ్మకం లేని కాల్‌లో ఇంకో అరనిమిషం గడిపితే అది ఆ ఉద్యోగి లెక్కలోనే కోత. ఆ పెట్టేయడం మనకి అవమానంగా తోస్తుంది గానీ, అందులో మన ప్రసక్తే లేదు.

ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో 'ది మేనేజ్డ్ హార్ట్' అనే పుస్తకం రాశారు. జీతం కోసం మనసులోని భావాన్ని అణచుకుని మరో భావాన్ని తెచ్చిపెట్టుకోవడం కూడా ఒక శ్రమేనని అందులో వివరించారు. ఆమె పరిశీలించినవాళ్ళలో ఒకవైపు విమాన పరిచారికలు, మరోవైపు బాకీలు వసూలు చేసేవాళ్ళు. చిరాకొచ్చినా నవ్వడం మొదటివాళ్ళ ఉద్యోగం. జాలేసినా కసరడం రెండోవాళ్ళ ఉద్యోగం. అంటే మనం ఫోన్‌లో వినే తీపి గొంతుగానీ, దురుసు గొంతుగానీ చాలావరకు డ్యూటీలో భాగం. ఇది తెలిసినంత మాత్రాన ఆ దురుసుతనాన్ని భరించాలని నేననను. బూతు మాట వస్తే ఇక ఒక్క క్షణం కూడా వినకూడదు. కానీ 'నన్ను ఇంత మాటంటాడా' అన్న మంట మాత్రం తగ్గుతుంది.

కడిగేస్తే కసి తీరుతుంది కదా అంటారు కొందరు. తీరదు. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో 600 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం ప్రచురించారు. వాళ్ళు రాసిన వ్యాసాన్ని ఎవరో తీసిపారేసినట్టు చెప్పి కోపం తెప్పించారు. కొందరిని ఆ మనిషినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నారు. కొందరిని ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు. తలుచుకుని గుద్దినవాళ్ళ కోపమే పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. ఫోన్ పెట్టేశాక "అప్పుడు ఈ మాట అనుండాల్సింది" అని మనసులో ఆ సంభాషణని మళ్ళీ మళ్ళీ నడిపించుకోవడం ఆ గుద్దడమే. కాల్ అయిపోగానే లేచి మంచినీళ్ళు తాగడమో, ఆరిన బట్టలు మడతపెట్టడమో, చేతికి పని చెప్పడమో మంచిది. ఇంట్లోవాళ్ళకి ఆ కాల్ కథ పూసగుచ్చినట్టు చెప్పుకోవడం కూడా ఆ పూటకి మానేయండి.

మనమే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు సంగతి వేరు. అక్కడ పెట్టేస్తే నష్టం మనది. డయల్ చేసే ముందే తేదీ, మొత్తం, మనకేం కావాలో కాగితం మీద రాసుకోవాలి. "ఫలానా తేదీన వేసిన ఈ ఛార్జీని వెనక్కి వేయండి" అని ఒక్క వాక్యంలో చెప్పాలి. ఎత్తిన ఉద్యోగికి ఆ అధికారం ఉండకపోవచ్చు. అప్పుడు అతన్ని దులిపేస్తే ఒరిగేదేమీ లేదు. "ఫిర్యాదు నంబరు ఇచ్చి, సూపర్‌వైజర్‌కి కలపండి" అనడమే దారి. కుదరకపోతే రాతపూర్వకంగా పంపాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448. అడగని క్రెడిట్ కార్డు పంపి బిల్లు వేస్తే, ఆ బిల్లు రద్దు చేయడంతో పాటు దానికి రెట్టింపు మనకి జరిమానాగా కట్టాలని 2022 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఉంది. ఇలాంటివి తెలిసిన మనిషి గొంతు పెంచడు, పెంచాల్సిన అవసరం రాదు.

అప్పు వసూలు కాల్స్ విషయంలో భయం కూడా కలుస్తుంది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకి తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి. బాకీ ఉండటం నేరం కాదు, సిగ్గుపడి దాచుకోవాల్సిన సంగతీ కాదు. గడువు దాటిన అప్పు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పింది. బెదిరింపు వస్తే రికార్డు పెట్టి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఒంటరిగా మోయకండి.

పెద్దవాళ్ళ సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళల్లో తల్లిదండ్రులు తెలియని నంబరని ఎత్తకుండా ఉండలేరు. పిల్లల కాల్ ఒక్కోసారి ఏ నంబరు నుంచో వస్తుంది. ఎత్తాక "అమ్మా, బాగున్నారా?" అని ఒక పలకరింపు వినిపిస్తుంది, ఆ రోజుకి అదే మొదటి పలకరింపు కావచ్చు. ఆ తల్లి "బాగున్నా నాయనా" అంటుంది. మనం అక్కణ్ణించి ఫోన్లో "ఎవరితో పడితే వాళ్ళతో మాట్లాడతావేంటి?" అని కసురుతాం. అలా కసిరితే ఈసారి ఏం జరిగినా మనకి చెప్పదు. "మా అబ్బాయినడిగి చెప్తా" అనడం బదులు "వద్దు నాయనా, పెట్టేస్తున్నా" అనడం నేర్పండి. ఓటీపీ అడిగినవాళ్ళెవరైనా దొంగే అనుకోమనండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని గోడ మీద క్యాలెండర్ పక్కన పెద్దక్షరాలతో రాసి పెట్టండి.

ఇంతా చేశాక మిగిలిన కోపాన్ని ఆ ఉద్యోగి మీద కాక, ఆ పద్ధతి మీద పెట్టొచ్చు. 1909కి ఫోన్ చేసిగానీ, 'START 0' అని మెసేజ్ పంపిగానీ ప్రచార కాల్స్ అన్నిటినీ వద్దనొచ్చు. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పదంకెల నంబరు నుంచి అమ్మకం కాల్ వస్తే అదే ఒక ఉల్లంఘన. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోగా 1909కిగానీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ డీఎన్‌డీ యాప్‌లోగానీ ఫిర్యాదు చేయొచ్చు. 2025 ఫిబ్రవరిలో మార్చిన నిబంధనల ప్రకారం పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు వస్తే ఆ నంబరు మీద చర్య మొదలవుతుంది. అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావాల్సి వచ్చేది. మొదటి తప్పుకి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్ళీ చేస్తే ఏడాది పాటు కనెక్షన్లన్నీ పోతాయి. ఫిర్యాదుకి నంబరు, తేదీ, ఏం అమ్మబోయారో ఒక్క ముక్క చాలు. కాల్ పెట్టేసిన వెంటనే, చేతిలో ఫోన్ ఉండగానే పంపేయండి.