సైనిక లారీకి మారు ఇంజను

మా పాఠశాలలో చదివి, ఇప్పుడు లారీలు బాగుచేయు షెడ్డులో పనిచేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు గడచిన జూలై మాసమున మాయొద్దకు వచ్చి యొక ప్రశ్న వేసెను. సైన్యమువారు వేలము వేసిన పాత శక్తిమాన్ లారీ నొకదానిని అతడును అతని యజమానియు కలిసి కొనిరి. ఇంజను పూర్తిగా అరిగిపోయినది. దాని స్థానమున వేరొక డీజిలు ఇంజను అమర్పవలయును. అందులకు అతని తల్లి దాచుకొనిన సొమ్ము పెట్టుచున్నారు. "మాష్టరుగారూ, మూడు ఇంజనులు బేరమునకు వచ్చినవి. ఏది కొనమందురు?" అని యతడు అడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేదు. మరునాడు పదవ తరగతిలో ఆ ప్రశ్ననే వేసితిమి. "అశ్వశక్తి యెక్కువ గలదే కొనవలెను" అని బాలురు ఏకకంఠముగా పలికిరి. తప్పు వారిది కాదు. శక్తి యను పాఠమును సూత్రముగా వల్లె వేయించి, లెక్కలు చేయించి, అంతటితో ముగించిన దోషము మాది. ఆ దోషమును కొంత దిద్దుకొనుటకే యీ వ్యాసము.

అశ్వశక్తి యనగా నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పని. ఇంజను ఇరుసును తిప్పు బలమునకు టార్క్ అని పేరు. అడుగు పొడవు గల చేతికఱ్ఱ చివర ఎన్ని పౌనుల బలముతో త్రిప్పుచున్నదో అదియే టార్క్. ఒక చుట్టులో ఆ చివర 6.283 అడుగులు నడచును. 33,000ను 6.283తో భాగించిన 5252 వచ్చును. కావున అశ్వశక్తిని 5252తో హెచ్చించి, నిమిషమునకు తిరుగు చుట్లతో భాగించిన యెడల టార్క్ తెలియును. ఒకే అశ్వశక్తి గల రెండు ఇంజనులలో ఒకటి మెల్లగా తిరుగుచు గట్టిగా త్రిప్పవచ్చును, రెండవది వడిగా తిరుగుచు తేలికగా త్రిప్పవచ్చును. లారీకి ఈ భేదమే ప్రాణము.

ఇందులకు మిక్కిలి చక్కని నిదర్శనము అమెరికా సైన్యమువారి ఐదు టన్నుల లారీ. ఆరు చక్రములకును ఇంజను బలము అందు ఈ బండికి నలువది యేండ్లలో పలుమారులు ఇంజను మార్చిరి. ఎం-54 అను పేర 1950 తరువాత వచ్చిన మొదటి బండ్లలో 602 ఘనపు అంగుళముల పెట్రోలు ఇంజను ఉండెను. 1962 ప్రాంతమున దానిని తీసి, మాక్ సంస్థవారి 673 ఘనపు అంగుళముల డీజిలు ఇంజను పెట్టిరి. ఇది 2100 చుట్లకు 205 అశ్వశక్తి నిచ్చెడిది. కొలదికాలములోనే దానికి మారుగా ఎల్.డి.ఎస్.-465 అను 478 ఘనపు అంగుళముల చిన్న ఇంజను వచ్చెను. దీనికి 2600 చుట్లకు 175 అశ్వశక్తి మాత్రమే.

శక్తి తగ్గిన ఇంజనును ఏల కోరిరి? యుద్ధభూమిలో ఏ నూనె దొరకునో ముందుగా తెలియదు. ఈ ఇంజను డీజిలుతోను, కిరసనాయిలుతోను, అవసరమైనచో పెట్రోలుతోను నడచును. సామాన్య డీజిలు ఇంజనులో గాలి గట్టిగా అణగి వేడెక్కును. దానిలోనికి చిమ్మిన నూనె తనంతట మండును. పెట్రోలు అట్లు సులభముగా మండదు. ఆలస్యముగా అంటుకొని ఒక్కసారి భగ్గుమని పిస్టనును బాదును. జర్మనీలోని మాన్ సంస్థవారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. పిస్టను తలలో గోళాకారమైన గుంట చేసి, నూనెను గాలిలోనికిగాక ఆ గుంట గోడమీదికి చిమ్మించిరి. వేడి గోడమీద పలుచని పొరగా పరచుకొనిన నూనె కొంచెము కొంచెముగా ఆవిరియై, సుడి తిరుగు గాలితో కలసి నెమ్మదిగా మండును. అమెరికావారి బహుఇంధన ఇంజను ఈ పద్ధతిపై కట్టబడినదే. జబల్పూరులో 1959 నుండి నిర్మింపబడిన మన శక్తిమాన్ కూడ ఆ మాన్ సంస్థ అనుమతితో పుట్టినదగుటచే, మా శిష్యుని లారీ ఈ కథకు దూరపు చుట్టమే.

అయినను 1970లో వచ్చిన ఎం-809 తరగతి బండ్లలో సైన్యమువారు ఈ నేర్పునంతయు విడిచి, కమ్మిన్స్ సంస్థవారి ఎన్.హెచ్.సి.-250 అను సాధారణ డీజిలు ఇంజనును పెట్టిరి. 855 ఘనపు అంగుళములు; 2100 చుట్లకు 240 అశ్వశక్తి. ఆ జాతి ఇంజనులు అప్పటికే పౌరుల లారీలలో విస్తారముగా నడచుచుండెను. అందుచే విడిభాగములకును పనివారికిని కొదువ లేదు. బాలురు సాధారణముగా ఈ సంగతిని లెక్కకు తీసికొనరు గాని, అరణ్యములో ఆగిన బండికి దొరకని వాషరు ఇంజనంత విలువ గలది.

ఇక టార్క్ చూడుడు. ఎల్.డి.ఎస్.-465కు 2600 చుట్లవద్ద సుమారు 353 పౌను-అడుగులు. క్రొత్తదానికి 2100 చుట్లవద్ద 600. ఇంత బలమును క్లచ్చియు, గేరుపెట్టెయు, ఇరుసులును తాళవలయును. ఏ గేరుపెట్టెకైనను ఇంత టార్క్ వరకు అని హద్దుండును. అది దాటిన యెడల మొదటి మెట్టలోనే పండ్లు విరుగును. పైగా పెద్ద ఇంజను పట్టుటకు ఎం-809 ముందుభాగమును పొడిగింపవలసి వచ్చెను.

వేగము మాటయు అట్టిదే. 2600 చుట్లకు గంటకు 50 మైళ్లు పోవు లారీలో 2100 చుట్లకు మించని ఇంజను పెట్టితి మనుకొందము. గేర్లు మార్చని యెడల 50ని 2100తో హెచ్చించి 2600తో భాగింపుడు: 40 మైళ్లే. పోనీ ఇంజనునే వడిగా త్రిప్పుద మందురా? దాని గవర్నరు ఒప్పుకొనదు. పల్లములో బండి బరువే ఇంజనును తరిమినప్పుడు మాత్రము గవర్నరు చేయగలది యేమియు లేదు. నూనె ఆపును, అంతే. చక్రములే ఇంజనును హద్దు మీరించి చెరచును.

1989 ప్రాంతమున వచ్చిన ఎం-939ఎ2 బండ్లలో చేసిన మార్పు మాకు అన్నిటికన్న ఇష్టమైనది. 14 లీటర్ల ఇంజనును తీసి 8.3 లీటర్ల కమ్మిన్స్ ఇంజను పెట్టిరి. అశ్వశక్తి అదే 240. చుట్లు అవే 2100. పరిమాణము మాత్రము పాతదానిలో నూటికి 59 పాళ్లు. పొగవేడితో తిరుగు టర్బో గాలిని దట్టముగా లోనికి త్రోయును, ఆ గాలిని మరల చల్లార్చి మరింత దట్టము చేయుదురు. గాలి యెక్కువైన కొలది నూనె యెక్కువ కాల్చవచ్చును. చుట్లును శక్తియు మారలేదు గనుక చక్రముల లెక్క చెడలేదు. ముందు ఇరుసుపై బరువు మాత్రము ఎంతో తగ్గెను.

చిన్నవి మరికొన్ని గలవు. నూనెలోని వేడిలో సుమారు మూడవవంతే పనియగును. మరియొక మూడవవంతు రేడియేటరు మోయవలయును. సైనిక లారీకి 24 వోల్టుల స్టార్టరును, బ్రేకులకు గాలి పట్టు కంప్రెసరును ఉండవలయును. ముందు చక్రములకును బలము పోవు బండిలో ఇంజను క్రింది చమురు తొట్టి ముందు ఇరుసును తాకరాదు.

బ్రేకుల మాట చెప్పక విడువరాదు. అమెరికావారి ఎం-939 బండ్లు 1990 దశకములో తడిరోడ్లపై చక్రములు బిగిసి జారి బోల్తాపడగా సైనికులు మరణించిరి. బ్రేకుల కొక క్రొత్త ఏర్పాటు అమర్చువరకు ఆ బండ్లు గంటకు 40 మైళ్లు మించరాదని ఆజ్ఞ యిచ్చిరి. అక్కడ దోషము ఇంజనుది కాదు. అయినను, ఇంజను బలము పెంచు మీలో ఎవరైనను ఆపు సాధనమును ముందు చూడవలయునని మేము తరగతిలో రెండుమారులు చెప్పితిమి.

ఇదియంతయు ఒక కాగితముపై వ్రాసి మా శిష్యునకు ఇచ్చితిమి. అతడు టేపు తీసికొని మూడు ఇంజనులను కొలిచెను. అన్నిటికన్న పెద్దదాని చమురు తొట్టి ఇరుసుపై ఆనుచున్నదట. చిన్నది చౌకయేగాని, దాని చక్రపు గూడు లారీ గేరుపెట్టెతో కలియదు. నడుమ పలక చేయించిన ఖర్చు లాభమును మ్రింగును. చుట్లలో పాతదానికి దగ్గరగా ఉన్న నడిమిదానిని కొనిరి. రేడియేటరు ఇంకను దొరకలేదు. దొరకువరకు లారీ షెడ్డులోనే ఉంచుదుమని మొన్న ఉత్తరము వ్రాసెను.