రూత్‌వెల్ రాతి సిలువ

ధ్యాన పాఠము: లూకా 7:36–50



ఆలయపు గోడమీద సిలువ గుర్తు చెక్కించుట విగ్రహారాధన యగునా అని మన సంఘస్థులు కొందరు మమ్మును అడుగుచున్నారు. జవాబుగా స్కాట్లండు దేశమందు రూత్‌వెల్ అను పల్లెలోనున్న రాతి సిలువ చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాము.

ఇది క్రీ.శ. 8వ శతాబ్దమున చెక్కబడినది. ఎత్తు సుమారు 18 అడుగులు. దాని వెడల్పు ముఖములమీద దూత మరియకు శుభవర్తమానము తెలుపుట, యేసు పుట్టుగ్రుడ్డివానిని బాగుచేయుట మొదలగు చిత్రములును, వాటి చుట్టు లాటిను అక్షరములును ఉన్నవి. ప్రక్క ముఖములమీద ద్రాక్షావల్లి పైకి ప్రాకుచుండగా, పక్షులును మృగములును దాని ఫలములను తినుచున్నవి. యోహాను 15వ అధ్యాయము చదివినవారికి ఆ వల్లి ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ తీగ అంచులమీద సిలువయే తన కథ చెప్పుకొను పద్యభాగమున్నది. అది లాటినులో గాక ఆ ప్రజల యింటి భాషలోనే, రూనులను పాత లిపిలో చెక్కబడినది.

1640లో స్కాట్లండు సంఘ మహాసభ విగ్రహ సంబంధమైన వాటిని తీసివేయుమని ఆజ్ఞాపించెను. 1642లో ఈ సిలువను పడగొట్టి ముక్కలు చేసిరి. వారు దేవుని ఆజ్ఞకు భయపడినవారే; నిర్గమకాండము 20వ అధ్యాయమును మనమును త్రోసివేయలేము. అయితే వారు పగులగొట్టిన రాతిమీద ఉన్నది సువార్తయే.

తరువాత ఆ పల్లెకు కాపరిగా వచ్చిన హెన్రీ డంకన్ ఆ ముక్కలను ఏరి కూర్చి, 1823లో తన యింటి తోటలో నిలిపెను. అడ్డకమ్మి దొరకనందున క్రొత్తది చేయించెను. బీదలు తమ కూలిలో కొంచెము దాచుకొనుటకు 1810లో పొదుపు బ్యాంకు స్థాపించినవాడును ఈయనే. 1887లో సిలువను ఆలయములోనికి చేర్చిరి.

దానిమీద మరొక చిత్రమున్నది. పాపాత్మురాలైన స్త్రీ ప్రభువు పాదములను తన తలవెండ్రుకలతో తుడుచుచున్నది. శిల్పి ఆమె చేతిని మిక్కిలి పెద్దదిగా చెక్కెను. పాదములను తుడుచు ఆ చేయియే మన కన్నులకు మొదట కనబడును.

కనుక మా జవాబు ఇది. గోడమీది గుర్తు మనలను ఆ పాదములయొద్దకు నడిపించినయెడల మేలు. గుర్తునొద్దనే ఆగి, దానికి దండ వేసి, పొరుగువానితో పగ మాత్రము విడువనియెడల, ఆ గుర్తు లేకుండుటయే మేలు.

ఆలోచించుడి:
1. మన యింటిలోని సిలువ గుర్తు మనకు ఏమి జ్ఞాపకము చేయుచున్నది?
2. ఈ నెలలో మన చేతులు ఎవరికి పరిచర్య చేసినవి?