హేమంతంలో ఉదయపు నడక - పటాన్‌చెరు పాఠం

మార్గశిర, పుష్య మాసాలు హేమంత ఋతువు. సంగారెడ్డి ప్రాంతంలో కార్తికం ముగియకముందే చలి గడప తొక్కుతుంది. సముద్రమట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్న పటాన్‌చెరులో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోతుంది.

అష్టాంగహృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలో వాగ్భటాచార్యుడు ఈ ఋతువును బలకరమైనదిగా చెప్పాడు. బయటి చలి దేహంలోని వేడిని లోపలే నిలుపుతుంది, జఠరాగ్ని ప్రజ్వరిల్లుతుంది. దానికి తగిన ఆహారం అందకపోతే ధాతువులనే దహిస్తుంది. కనుక ఇది ఉపవాసాల కాలం కాదు. నువ్వుల నూనెతో అభ్యంగనం, వేడినీటి స్నానం, గోధుమలు, మినుములు, బెల్లం హితకరం. (మధుమేహులు బెల్లం మాట మరచిపోవాలి.) మన జొన్నరొట్టె, నువ్వులపొడి కూడా చక్కగా సరిపోతాయి. వ్యాయామం కూడా విధించబడింది.

ఇక్కడే నేను పొరబడ్డాను. గురుకులంలో మేము నాలుగింటికే లేచి చెరువుగట్టున నడిచేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ, కొన్నేళ్ల క్రితం, పాశమైలారం వైపు రాత్రి షిఫ్టు చేసే ఒక ఉబ్బస రోగికి తెల్లవారుజాము నడకను సూచించాను. పది రోజులకు ఆయాసపడుతూ వచ్చాడు.

"అయ్యా, మీరు చెప్పినట్లే నడుస్తున్నాను. ఛాతీ పట్టేస్తోంది."

మరునాడు ఆ వేళకే వెళ్లి ఆ రోడ్డు మీద నిలబడ్డాను. మంచు, పొగ కలిసి తలెత్తు దాటకుండా పరుచుకొని ఉన్నాయి. నా గొంతే మండింది. గాలి కదలని చలిరాత్రులలో నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి పైగాలి కంటే చల్లనై, బరువెక్కి కదలదు. పొగ, ధూళి అందులోనే చిక్కుకుంటాయి. ఎండ నేలను వేడెక్కించాకగాని అవి చెదరవు. అతని నడకను ఎండ బాగా వచ్చిన తరువాతకు మార్చాను, ఇన్‌హేలర్ మానవద్దన్నాను. మాఘం నాటికి ఆయాసం తగ్గుముఖం పట్టింది. శాస్త్రం చెప్పిన వ్యాయామం తప్పు కాదు. ఆ గాలిని చూడకుండా వేళ చెప్పిన నాదే తప్పు.

వాగ్భటుడు నిప్పుల వేడిమి గల లోపలి గదులనూ ప్రశంసించాడు. పెంకుల సందులగుండా గాలి ఆడే ఇళ్లలో కుంపటి చెల్లింది. కిటికీ మూసిన అద్దెగదిలో మాత్రం దానిని పెట్టుకొని నిద్రించరాదు. బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సామాన్యమైన జలుబు, దగ్గుకు పావు చెంచా శొంఠిపొడి, మూడు మిరియాలు, ఏడు తులసి ఆకులు గ్లాసు నీటిలో సగమయ్యేలా కాచి, గోరువెచ్చగా త్రాగాలి. పెదవులు నీలిబారినా, మాట్లాడుతుండగా ఊపిరి అందకపోయినా కషాయం కాస్తూ కూర్చోరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.