ఖాళీ జాగా నుండి ఊరి తోట: ముందుగా తెలుసుకోవలసిన విషయాలు

ఏ మండల కేంద్రంలోనైనా ఇళ్ల మధ్య రెండు మూడు సెంట్ల ఖాళీ జాగాలు కనిపిస్తాయి. అక్కడ తుప్పలు పెరుగుతాయి, చెత్త చేరుతుంది, వానాకాలంలో నీరు నిలిచి దోమలు పుడతాయి. అదే జాగాలో వీధివారంతా కలిసి కూరగాయలు పండించుకుంటే అది ఊరి తోట అవుతుంది. నాటిన మొక్క ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా పుణ్యం నాటినవారికి చేరుతుందని నమ్మే మనకు ఇది సదఖా జారియా. అయితే జి.మాడుగుల వంటి ఏజెన్సీ ఊళ్లో ఈ పని పారతో కాదు, అనుమతితో మొదలుకావాలి.

1. స్థలం ఎవరిది?

మన మండలం రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ జనం 1/70 చట్టం అని పిలిచే 1970 నాటి నిబంధన అమలులో ఉంది. దాని ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. కాబట్టి తోట కోసం స్థలం కొనాలనీ, సంఘం పేర రాయించుకోవాలనీ అనుకోకూడదు. ఖాళీగా ఉన్నంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. పంచాయతీదో, పాఠశాలదో, ఒక గిరిజన కుటుంబానిదో అయి ఉంటుంది. 1996 నాటి పెసా చట్టం ఊరి వనరుల విషయంలో గ్రామసభ మాటకు బలమిచ్చింది. అందుకే గ్రామసభలో అడిగి, తీర్మానం రాయించుకోవాలి. తోట ఊరిదిగానే ఉండాలి. మనం చేయి కలిపేవాళ్లమే తప్ప హక్కుదారులం కాము.

2. న్యూయార్క్ అనుభవం

1973లో లిజ్ క్రిస్టీ అనే మహిళ, ఆమె మిత్రులు ఆ నగరంలో చెత్తకుప్పగా మారిన ఒక స్థలాన్ని బాగుచేసి తోట వేశారు. మరుసటి ఏడాది నగర అధికారులు దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చారు. ఆ తోట నేటికీ ఉంది. కానీ 1999లో అదే నగరం వందకు పైగా తోటల స్థలాలను వేలానికి పెట్టింది. రెండు స్వచ్ఛంద సంస్థలు డబ్బు పోగుచేసి కొన్నాకే అవి నిలిచాయి. మనకు కొనే దారి లేదు. కనుక తీర్మానం కాగితమే మనకు ఆధారం.

3. నేల, నీరు

ముందు గాజుపెంకులు, ప్లాస్టిక్ ఏరాలి. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు పారవేసిన చోట తినే పంట వేయకూడదు. సీసం వంటి విషాలు మట్టిలో ఉండిపోతాయి. మడి వెడల్పు నాలుగు అడుగులు దాటకపోతే రెండు వైపుల నుండీ చేయి అందుతుంది. వాలు నేలలో మడులు అడ్డంగా వేసి, కింది అంచున రాళ్లు పేర్చాలి. లేకుంటే వానలకు పైమట్టి కొట్టుకుపోతుంది. ఎండాకులు, పశువుల పెంట, వంటింటి తొక్కలు గోతిలో మగ్గబెడితే ఎరువు సిద్ధం. వేసవిలో గెడ్డలు సన్నబడినప్పుడు వుజూ నీరు అక్కరకొస్తుంది. అందులో సబ్బు ఉండదు కనుక చిన్న కాలువ తీసి అరటి, చేమ పాదులకు మళ్లించవచ్చు.

4. ఏం నాటాలి?

తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. కంచె వెంట చిక్కుడు, ఆనప, బీర పాకించాలి. మూలల్లో మునగ, బొప్పాయి వేయాలి. రాజ్మా, పసుపు, అల్లం ఈ మన్యానికి అలవాటైన పంటలే. ఏ విత్తనం ఎప్పుడు వేయాలో, ఎలా దాచాలో ఇరుగుపొరుగు భగత, కొండదొర, వాల్మీకి, కోందు కుటుంబాల పెద్దలకు తెలుసు. వారిని అడిగి నేర్చుకోవాలి.

5. పని, పంపకం

ఏ రోజు ఎవరు నీరు పోయాలో, ఎవరు కోయాలో మొదటి రోజే రాసి పెట్టాలి. తొలి వాటా గర్భిణులకు, బాలింతలకు, వితంతువులకు, అంగన్‌వాడీ పిల్లలకు ఇవ్వాలి. ఇందులో మతం, కులం చూడరాదు. రంజాన్ నెలలో మన వంతు పని ఫజర్ నమాజు తర్వాత చల్లని వేళ ముగించుకోవచ్చు.

ఆలోచించండి

మన వీధిలో ఉన్న ఖాళీ జాగా ఎవరిది? వచ్చే గ్రామసభలో దాని గురించి ఎవరు అడుగుతారు? కమిటీలో గిరిజన సోదరీమణులకు ఎన్ని స్థానాలు ఇస్తాం? ఈ మూడింటికీ జవాబు దొరికాకే పార పట్టుకుందాం, ఇన్షా అల్లాహ్.