శ్రీ నృసింహ జయంతి

వైశాఖ శుద్ధ చతుర్దశి శ్రీ నృసింహ జయంతి. సర్వత్ర హరి కలడన్న బాలభక్తుని మాటను సత్యము చేయుటకై శ్రీమన్నారాయణుడు స్తంభమునుండి ఆవిర్భవించిన పుణ్యదినమిది. శ్రీకృష్ణ జయంతినాడు శిశువైన స్వామిని ఊయలలో నుంచి భక్తులు లాలింతురు. నృసింహావతారమునకు తల్లిదండ్రులు లేరు, బాల్యము లేదు. అవసరము కలిగిన క్షణముననే స్వామి పరిపూర్ణుడై వచ్చెను.

ఈ కథ శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమున సవిస్తరముగా వర్ణింపబడినది. నరునిచేతగాని మృగముచేతగాని, పగలుగాని రాత్రిగాని, ఇంటిలోపలగాని వెలుపలగాని, నేలపైగాని నింగిపైగాని, ఆయుధములచేతగాని తనకు మృత్యువు రాకుండునట్లు హిరణ్యకశిపుడు బ్రహ్మవలన వరము పొందెను. స్వామి ఆ వరమును త్రోసిపుచ్చలేదు. నరమృగ రూపము దాల్చి, సంధ్యా సమయమున, ద్వారమునొద్ద, తన తొడలపై నుంచుకొని, గోళ్లతో దైత్యుని చీల్చెను. బ్రహ్మ మాట నిలిచెను. ప్రహ్లాదుని మాటయు నిలిచెను. కావుననే ఈ వ్రతమున పగలు ఉపవసించి, ప్రదోషవేళ స్వామిని అర్చించి, మరునాడు పారణ చేయుదురు. వేసవికి తగినట్లు పానకము, వడపప్పు నివేదింతురు.

అయితే కథ దైత్యవధతో ముగియలేదు. స్వామి కోపము చల్లారలేదు. బ్రహ్మరుద్రాదులు దూరముగా నిలిచి స్తుతించిరి. లక్ష్మీదేవియు సమీపింప జంకెను. అప్పుడు బ్రహ్మ ప్రేరణచే ప్రహ్లాదుడు నిర్భయుడై చేరబోయి సాష్టాంగపడెను. స్వామి అతని శిరముపై కరకమలముంచెను. లోకములు భయపడిన ఉగ్రమూర్తి ఒక బాలుని భక్తికి ప్రసన్నుడయ్యెను.

వరము కోరుమని స్వామి పలికినప్పుడు ప్రహ్లాదుడు, ప్రతిఫలమాశించి సేవించువాడు వర్తకుడే కాని సేవకుడు కాడని భావించి, తన హృదయమున కోరికలు మొలకెత్తకుండుటనే వరముగా వేడెను. పిదప మరియొకటి కోరెను. అది తండ్రి కొరకు. ఏనుగులచే త్రొక్కించి, పాములచే కరపించి, విషమిడి, అగ్నిలో త్రోయించిన ఆ తండ్రి పాపవిముక్తుడు కావలెనని అతని ప్రార్థన. అట్టి పుత్రుడు పుట్టుటచే ఇరువదియొక్క తరముల పితరులతోకూడ నీ తండ్రి పవిత్రుడయ్యెనని స్వామి అనుగ్రహించి, తండ్రికి ప్రేతకార్యములు నిర్వర్తింపుమని ఆజ్ఞాపించెను.

నూట యెనిమిది దివ్యదేశములలో నొకటియై నల్లమల కొండలలో వెలసిన అహోబిల క్షేత్రమున నవనారసింహులు కొలువై యున్నారు. అచ్చటి ఉగ్రస్తంభమే స్వామి వెలువడిన స్తంభమని భక్తుల విశ్వాసము. ఎగువ కొండలలో జ్వాలా నృసింహుడు దైత్యుని చీల్చుచు దర్శనమిచ్చును. దిగువ అహోబిలమున ఆ స్వామియే శ్రీదేవీ సమేతుడై, ప్రహ్లాదవరదుడను పేర శాంతముగా అనుగ్రహించును. కొండ యెక్కి దిగిన యాత్రికునకు కథ రెండు భాగములును కన్నులయెదుట నిలుచును.

నృసింహోపాసన శత్రుభయమును తొలగించునని పెద్దలందురు. ప్రహ్లాదుడు శత్రుత్వమునే తొలగించుకొనెను. తనకు కీడు చేసినవాని క్షేమము నొక్కమారైనను కోరిన పిమ్మట ప్రదోషదీపము వెలిగించు భక్తుడు ఆ బాలుని వెంట స్వామి సన్నిధికి నడచినవాడగును. ఆ సన్నిధిలో ఉగ్రత ఉండదు, అభయమే ఉండును.